సున్నాను మింగిన గొలుసు

తప్పు నాదే. ముందే ఒప్పేసుకుంటే మిగతాది మీరు కాస్త ఓపిగ్గా వింటారని ఆశ.

సమగ్ర ధ్రువీకరణ సంచాలకుల కార్యాలయంలో నేను పదకొండేళ్ళుగా తాత్కాలిక ప్రోగ్రామరుని. పేరు సన్యాసిరావు. మాది జనానికి కాగితాలిచ్చే ఆఫీసు. ఫలానావాడు బతికే ఉన్నాడని, ఫలానా ఊళ్ళోనే ఉన్నాడని, భూమి ఉందని, లేదని రాసిస్తాం. మనిషి ఎదురుగా నిలబడి దగ్గినా సరే, కాగితం లేకపోతే నమ్మకూడదన్నది మా శాఖ సిద్ధాంతం.

వచ్చిన దరఖాస్తుల్ని శుభ్రం చేసే జావాస్క్రిప్టు కోడ్ నేను రాసిందే. పాతది నలభై వరసలుండేది. దరఖాస్తు తీసుకుని ఒక పేరున్న డబ్బాలో పెట్టడం, అందులో ఖాళీలు ఏరేసి ఇంకో డబ్బాలోకి వంచడం, దాన్ని సరిచేసి మరో డబ్బాలోకి వంచడం. ఒక డబ్బా పేరు తాత్కాలికం, రెండోదాని పేరు తాత్కాలికం రెండు, మూడోది అసలు తాత్కాలికం. అన్ని డబ్బాలు మా ఆవిడ వంటింట్లో కూడా లేవు. రాసిన నాకే ఏ డబ్బాలో ఏముందో తెలిసేది కాదు. విసుగెత్తి ఒక శనివారం కూర్చుని మొత్తం తీసేసి గొలుసు కట్టాను.

గొలుసంటే పెద్ద విద్యేం కాదు. ఒక పని చేసి వచ్చిన ఫలితాన్ని ఎక్కడా దింపకుండా పక్క పనికి అందించడం, అంతే. దరఖాస్తును నేరుగా జల్లెడ పట్టడం ఆ భాషకు రాదు. అందుకని ముందు దాన్ని పేరు ఒకటి, ఊరు ఒకటి, భూమి ఒకటి అని జంటలుగా విప్పాలి. తరువాత పని చేసుకుని, చివర మళ్ళీ దరఖాస్తుగా కలపాలి. తెలుగులో చెప్పుకుంటే నా కోడ్ ఇలా ఉంటుంది: జంటలుగా విప్పు, ఖాళీలు తీసెయ్, పేర్లు సరిచెయ్, తిరిగి కలుపు. నలభై వరసలు నాలుగయ్యాయి. నిజం చెప్పొద్దూ, ముచ్చటేసింది. ఆ ముచ్చట నాలోనే దాచుకుని ఉంటే సరిపోయేది. కానీ నెలవారీ సమీక్షలో తెర మీద వేసి చూపించాను.

సంచాలకులు చక్రధరరావు గారు కళ్ళజోడు సవరించుకుని ఆ నాలుగు వరసలూ పైకి చదివారు. ఇంకోసారి చదివారు. పక్కనే ఉన్న సూపరింటెండెంటు భానుమూర్తి వైపు తిరిగారు.

"భానుమూర్తీ, ఇది కోడ్ కాదయ్యా. వాక్యం."

"వాక్యమే సార్," అన్నాడు భానుమూర్తి. ఆయన ఏమన్నా ఇతను అదే అంటాడు. సర్వీసులో పైకి వచ్చిందే అలా.

"ఇరవై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో కంప్యూటరు చెప్పింది నాకు అర్థం కావడం ఇదే మొదటిసారి. మధ్యలో ఎక్కడా ఆగడం లేదు, దాచుకోవడం లేదు. ఇదే కదయ్యా మన పాలనలో లోపించింది."

ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. పై అధికారికి ఏదైనా అర్థమైతే కింది వాళ్ళకు మూడినట్టే.

నాలుగో రోజున సర్క్యులరు వచ్చింది. అది కూడా గొలుసే. "గౌరవ సంచాలకులవారు నూతన విధానమును తిలకించి, ముగ్ధులై, మధ్యంతర నిల్వలే సకల జాప్యములకు మూలమని గ్రహించి, బీరువాలను, సొరుగులను, పెండింగు రిజిస్టర్లను రద్దుపరచి, ప్రతి ఉద్యోగియు ఎడమవైపు వారి నుండి స్వీకరించి, తనకు కేటాయించిన ఒక్క పనినే చేసి, కుడివైపు వారికి అందించి, ఎట్టి పరిస్థితులలోను వెనుకకు చూడక" అని మూడు పేజీలు సాగి, సంతకం దగ్గర తేలింది. చివరికి ఎవరేం చేయాలో అందులో లేదు. అందుకని అందరం అన్నీ చేశాం.

బీరువాలు బయటికి పోయాయి. బల్లలుంటే ఫైలు దింపాలనిపిస్తుందని బల్లలు కూడా పోయాయి. ఏడుగురు సిబ్బంది ఏడు కుర్చీల్లో వరసగా కూర్చున్నారు. మొదటి కుర్చీలో వరహాలు దరఖాస్తు కంప్యూటరుకెక్కిస్తాడు. ఒళ్ళో కీబోర్డు పెట్టుకుని కొడతాడు పాపం. ఏడో కుర్చీలో భానుమూర్తి ముద్ర వేస్తాడు. మధ్యలో ఐదుగురు తలా ఒక పని. ఎవరికీ ముందేం జరిగిందో తెలియదు, తరువాతేం జరుగుతుందో అక్కర్లేదు. టీ కూడా అలాగే వచ్చేది. ఒకరు పంచదార వేసి, ఒకరు కలిపి, ఒకరు చల్లార్చి, ఏడో మనిషికి అందేసరికి ఆరుగురు ఊదిన టీ అయ్యేది. భానుమూర్తి అదే తాగి బాగుందనేవాడు. ఒకళ్ళు సెలవు పెడితే గొలుసు తెగుతుంది కాబట్టి ఏడుగురికీ ఒకేసారి జ్వరం రావాలని నియమం పెట్టారు. ఒకళ్ళు బాత్రూమ్‌కి లేస్తే ఏడుగురూ లేచేవాళ్ళు. వరండాలో వరస చూసి జనం ఇదేదో కొత్త కౌంటరనుకుని వెనకాల నిలబడేవాళ్ళు.

నా నాలుగు వరసలకు ఫ్రేము కట్టించి హాల్లో గోడకు తగిలించారు. కోడ్‌లో ఇక అక్షరం మార్చాలన్నా కొత్తగా వేసిన పఠనీయతా సంఘం ఆమోదం కావాలన్నారు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. రోకలి చెక్కిచ్చింది నేనే కాబట్టి నవ్వే హక్కు కూడా లేదు నాకు.

నాలుగు నెలలు గడిచాయి. ఒక సోమవారం దాలమ్మ వచ్చింది.

నలభై ఏళ్ళుంటాయి. జీడిపిక్కలు ఒలిచే షెడ్డులో పని, ఆ జీడి పాలకు వేళ్ళు నల్లగా మాడిపోయి ఉన్నాయి. ఏడు కుర్చీలూ దాటుకుని నేరుగా నా గదిలోకి వచ్చి మూడు చీటీలు ముందు పెట్టింది. మూడింటి మీదా ఒకటే ముద్ర: వివరాలు అసంపూర్తి.

"మూడుసార్లు ఒచ్చినాను బాబూ. మూడుసార్లూ ఇదే సీటీ ఇచ్చినారు. నేనేటి తక్కువ రాసినాను, అది సెప్పండి సాలు," అంది.

"ఏం కాగితం కావాలమ్మా?"

"భూమి నేదని కాయితం. మా పిల్ల హిమబిందుకి గురుకులం కాలేజీల సీటొచ్చింది. భూమి నేనోల్ల కోటాల ఒచ్చింది. ఈ సుక్కురారం అయిదు గంటల్లోపు కాయితం అట్టుకెల్లి ఇవ్వాల. నేపోతే సీటు ఇంకోలకి ఇచ్చెత్తారట."

"ఇవ్వకపోతే పిల్ల ఏం చేస్తుంది?"

"ఏటి సేస్తాది. సోమారం నుంచి నా పక్కన పీటేసుకుని పిక్కలు కొడతాది," అని ఆ నల్లటి వేళ్ళు నాకు చూపించింది.

దరఖాస్తు తెరిచి చూశాను. పేరుంది, ఊరుంది, ఇంట్లో మనుషులు ఇద్దరని ఉంది. భూమి అన్నచోట సున్నా ఉంది. అన్నీ ఉన్నాయి. దాన్ని గొలుసులోకి వదిలాను. రెండో చివర బయటికొచ్చినదాంట్లో భూమి అన్న వరసే లేదు.

ఆ భాషకో దురలవాటుంది. ఏమీ రాయని గడినీ, సున్నా రాసిన గడినీ ఒకే గాటన కట్టి రెండూ ఖాళీలే అంటుంది. ఆ సంగతి నాకు తెలియక కాదు, పదేళ్ళుగా తెలుసు. కానీ "ఖాళీలు తీసెయ్" అన్న కొలికి ఒక్క మాటలో అంత పొందిగ్గా అమరేసరికి, సున్నా సంగతి చూడబుద్ధి కాలేదు. పాత వికారపు కోడ్‌లో, ఆ అసలు తాత్కాలికం డబ్బాలో, సున్నాకు వేరే చోటుండేది. అందం కోసం తీసేశాను.

ఆమెను వెంటబెట్టుకుని భానుమూర్తి దగ్గరికి వెళ్ళాను. ఆయన కుర్చీలో కదలకుండా, ముద్ర గాల్లో పట్టుకుని విన్నాడు.

"ఈమెకు భూమి లేదు సార్. సున్నా అని రాసింది. మన గొలుసు ఆ సున్నాను తీసేస్తోంది."

"భూమి లేదనడానికి ఆధారమేది? కాగితంలో భూమి వరసే లేదుగా."

"లేదు కాబట్టే లేదు సార్."

"సన్యాసిరావు గారూ, భూమి లేదని ధ్రువీకరించాలంటే ముందు భూమి వరస ఉండాలి. అమ్మా, నువ్వో పని చెయ్యి. ఒక సెంటు ఉందని రాసెయ్. వరస నిలబడుతుంది."

"ఒక సెంటుందని రాస్తే నేదని కాయితం ఇస్తారేటి?" అంది దాలమ్మ.

"ఎలా ఇస్తాం? ఉందని నువ్వే రాశావుగా."

దాలమ్మ ఆయన్నీ, నన్నూ మార్చి మార్చి చూసింది. "ఇక్కడ సదువుకున్నోలు ఎవరైనా ఉన్నారా బాబూ?" అని అడిగింది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది.

మంగళవారం పఠనీయతా సంఘం కూర్చుంది. సంచాలకులు, భానుమూర్తి, ఆకాశవాణిలో చదివి రిటైరైన ఒక పెద్దావిడ, వీళ్ళు ముగ్గురే సంఘం. మార్చదలచిన కోడ్‌ను ఆవిడ పైకి చదువుతారు. మధ్యలో ఊపిరి పీల్చుకోవాల్సి వస్తే తిరస్కారం. నేను ఆ కొలికిని దిద్ది తెచ్చాను. ఆవిడ గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"జంటలుగా విప్పు. విలువ ఏమీ రాయనిదై ఉండి, అది సున్నాకు సమానం కానిదైన యెడల తప్ప..." అని ఆగి ఊపిరి పీల్చుకున్నారు.

చక్రధరరావు గారు చెయ్యెత్తారు. "చూశారా. అన్నంలో రాయి తగిలినట్టుంది. ఆ ‘తప్ప’ ఏమిటండీ? ‘తప్ప’ అన్నదే పరిపాలనకు పట్టిన చీడ. ఎవరో ఒకరి కోసం మినహాయింపు పెట్టామంటే ఇక వాక్యం ఎక్కడ నిలుస్తుంది?"

"సార్, వాక్యం బాగుందిగానీ తప్పు సార్. ఆ పిల్ల సీటు పోతుంది."

"చదవడానికి హాయిగా ఉన్నది తప్పెలా అవుతుంది?"

"అవదు సార్," అన్నాడు భానుమూర్తి.

"పోనీ, ఆ షరతంతా ఒక చక్కటి పేరు వెనక పెట్టి తెస్తాను. పైకి చదివితే ఊపిరి అందుతుంది," అన్నాను.

"తీసుకురండి. స్వాగతిస్తున్నాం. సంఘం మళ్ళీ వచ్చే నెల మొదటి మంగళవారం కూర్చుంటుంది. ఈలోగా ఇంకో శుభవార్త." ఆయన జేబులోంచి ఒక లేఖ తీశారు. "గత నాలుగు నెలల్లో మన పరిధిలో భూమి లేని ధ్రువపత్రం ఒక్కటి కూడా ఇవ్వాల్సిన అవసరం రాలేదు. అంటే భూమి లేనివారే లేరు. ఈ ఘనత సాధించిన తొలి ప్రాంతం మనదే. శుక్రవారం మధ్యాహ్నం మంత్రివర్యులు స్వయంగా వచ్చి పురస్కారం ఇస్తున్నారు."

హాల్లో గోడకున్న పెద్ద బోర్డు వైపు చూశాను. అది నేరుగా గొలుసుకే కలిపి ఉంటుంది, భూమి లేని పత్రం మీద ముద్ర పడ్డప్పుడల్లా ఒక అంకె పెరుగుతుంది. భూమి లేనివారు, పక్కన ఎర్రటి సున్నా. ఆ ఒక్క సున్నా మాత్రం ఎవరికీ ఖాళీగా కనిపించలేదు. నాలుగు నెలల్లో ఎంతమంది ఆ చీటీ పట్టుకుని వెనక్కి పోయారో లెక్క తీస్తే రెండువేల పైచిలుకు తేలారు. నా మీద నాకే రోత పుట్టింది. ఆ రోజు అన్నం సయించలేదు.

శుక్రవారం ఉదయం దాలమ్మ గేటు తీయకముందే వచ్చి కూర్చుంది. ఈసారి హిమబిందు కూడా వచ్చింది. సన్నగా, పొడుగ్గా, నూనె రాసి బిగించిన రెండు జడలతో, ఒళ్ళో మార్కుల జాబితా పెట్టుకుని ఉంది. కాలేజీ రెండు గంటల బస్సు ప్రయాణం. పిల్ల ముఖం చూడలేక నేల చూపులు చూస్తూ, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను.

దాలమ్మ తిట్టలేదు. "అంటే సున్నా ఎడితే దానికి కనబడదా?"

"కనబడదమ్మా. ఖాళీ అనుకుంటుంది."

"మరి నేదని రాస్తే? అచ్చరాలు కనబడతాయా?"

అక్షరాలు కనబడతాయి. ఒక్క అక్షరమున్నా చాలు, ఆ భాష దాన్ని ఖాళీ అనదు. గడిలో అంకే రాయాలన్న నియమమూ లేదు. పదకొండేళ్ళ అనుభవం, గోడ మీద ఫ్రేము, నాలుగు రాత్రుల నిద్రలేమి. ఇన్ని ఉండి ఈ మాట నాకు తట్టలేదు. జీడిపిక్కల దాలమ్మకు తట్టింది.

వరహాలు ఒళ్ళోని కీబోర్డు మీద "లేదు" అని కొట్టాడు. గొలుసు కదిలింది. ఆరుగురి చేతులు దాటి పదకొండు నిమిషాల్లో కాగితం భానుమూర్తి ఒళ్ళో పడింది. ఆయన చదవలేదు. చదవడం ఆయన పని కాదు. ముద్ర వేశాడు. కాగితం మీద ఉన్నది ఇంతే: దాలమ్మ, ఊరు పేరు, మనుషులు ఇద్దరు, భూమి లేదు. దాలమ్మ ఆ కాగితాన్ని జాకెట్లో దోపుకుంది. హాల్లో బోర్డు మీద సున్నా పోయి ఒకటి వచ్చింది.

ఆ ఒకటిని ముందుగా చూసింది పూలదండలు కడుతున్న మనిషి. తరువాత చక్రధరరావు గారు.

"ఎవరిది ఆ ఒకటి?" అన్నారాయన. "ఆ కాగితం వెనక్కి తీసుకోండి."

"గొలుసు వెనక్కి చూడకూడదు సార్. మన సర్క్యులరే," అన్నాడు భానుమూర్తి. జీవితంలో మొదటిసారి ఆయన మాటకు అడ్డం చెప్పాడు, అది కూడా ఆయన మాటతోనే.

"అయితే బోర్డు మార్చండి."

"కోడ్ మార్చాలి సార్. సంఘం కూర్చోవాలి. వచ్చే నెల మొదటి మంగళవారం," అన్నాను. ఆ మాట అనడంలో నాకు కలిగిన సుఖం దాచను.

చక్రధరరావు గారు గేటు దాకా పరుగెత్తారు. తల్లీకూతుళ్ళు అప్పటికే బస్టాపు వైపు తిరిగారు. ఆయన వెళ్ళి ఎదురుగా నిలబడ్డారు. వెనక భానుమూర్తి, ఆయన వెనక అలవాటు కొద్దీ మిగతా ఆరుగురు.

"అమ్మా, ప్రభుత్వం తమరికి ఒక సెంటు భూమి మంజూరు చేయుటకు సిద్ధంగా ఉన్నది. పట్టా ఇప్పుడే ఇస్తాం. ఆ కాగితం ఇటివ్వండి."

"నాకొద్దు బాబూ."

"రెండు సెంట్లు."

"ఒద్దు."

"పది సెంట్లమ్మా. ఇక్కడే, ఈ నిమిషంలో."

దాలమ్మ ఆగింది. పది సెంట్లు. "ఎక్కడుంది ఆ బూమి?" అని అడిగింది.

"అది తరువాతి కొలికిలో తేలుతుంది."

"ఎప్పుడు తేలుతాది?"

ఆయన భానుమూర్తి వైపు చూశారు. భానుమూర్తి కుడివైపు చూశాడు. కుడివైపు ఎవరూ లేరు.

"మా అయ్య కాడనుంచీ సూస్తన్నాను," అంది దాలమ్మ. "భూమి ఇస్తామని ఎవులూ ఇంతలా బతిమాల్లేదు. నిజంగా ఇచ్చేవోరైతే మల్లీ సోమారం ఒస్తాను, అప్పుడియ్యండి. ఇయాల మాత్రం నాకు నేదు. అయిదు గంటల దాకా నాకేటీ నేదు. అడ్డు నెగండి, బస్సెల్లిపోతాది."

హిమబిందు తల్లి చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ బస్సెక్కారు. సంచాలకులవారు పది సెంట్లు చేతిలో పట్టుకున్న మనిషిలా రోడ్డు మధ్య నిలబడిపోయారు.

మూడింటికి మంత్రివర్యులు వచ్చారు. వేదిక మీద కూర్చుని బోర్డు చూసి, ఆ ఒకటి సంగతేమిటని అడిగారు. చక్రధరరావు గారు చెవిలో చెప్పారు. మంత్రివర్యులు మైకు అందుకున్నారు. "ఈ ప్రాంతంలో భూమి లేనివారు ఒకే ఒక్కరున్నారని తెలిసి ఆనందిస్తున్నాను. ఆమెకు కూడా భూమి ఇవ్వబోతే వద్దన్నారట. అంటే ఆమె ఇష్టపడే లేకుండా ఉన్నారు. ఇది మన ప్రజల ఆత్మాభిమానానికి నిదర్శనం." చప్పట్లు మోగాయి. పురస్కారం ఇచ్చేశారు.

అయిదింటికి పది నిమిషాల ముందు ఎవరిదో ఫోనులోంచి దాలమ్మ పలికింది. "మజ్జాన్నం నుంచీ వరసల నిలబడి ఇప్పుడిచ్చీసినాను బాబూ. తీసుకున్నారు. పిల్లకి మంచం నంబరు కూడా రాసీసినారు." ఇంకేదో చెప్పబోయి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇందులో సిగ్గుపడేదేం లేదు.

సోమవారం రెండు కాగితాలు వచ్చాయి. ఒకటి నా కాంట్రాక్టు రద్దు. రెండోది సర్క్యులరు: లేదు అను పదము నిరాశాజనకమైనందున దరఖాస్తులలో దానిని నిషేధించడమైనది. ఆ పదం ఒక్కటే నిషేధించారు. తెలుగులో మాటలకు కరువా?

మంగళవారం నేనొక ముక్కాలి పీట, రెండు పెన్నులు తీసుకెళ్ళి ఆఫీసు గేటు బయట కూర్చున్నాను. మొదట వచ్చిన నలుగురు ఆడవాళ్ళ వేళ్ళూ నల్లగానే ఉన్నాయి. దాలమ్మ పంపిందన్నారు. వాళ్ళ వెనక పాత చీటీలు పట్టుకుని ఇంకా చాలామంది ఉన్నారు. సున్నా పెట్టకండి, లేదు అని కూడా రాయకండి, ఉన్న సంగతి మీ మాటల్లో చెప్పండి, నేను రాస్తానన్నాను. "మాకెక్కడిది" అని ఒకామె రాయించింది. "కుండీల తులసి మొక్కకి తప్ప మట్టి నేదు" అని ఇంకొకామె చెబితే, ఆ నిషిద్ధ పదం తీసి "కుండీలో ఉన్న మట్టే" అని మార్చాను. చివర్లో ఒక ముసలాయన వచ్చి కర్ర పక్కన పెట్టి నిలబడ్డాడు. భూమి అన్నచోట ఏం రాయమంటావు తాతా అని అడిగాను.

"అరవయ్యేల్లు దున్నినాను. అందల ఒక్క సాలు కూడా నాది కాదు. అలాగే రాయి," అన్నాడు.

అలాగే రాశాను. వరహాలు ఒక్క అక్షరం పొల్లుపోకుండా కొట్టాడు. గొలుసు దాన్ని ఆపలేదు, భానుమూర్తి చదవకుండా ముద్ర వేశాడు. ముసలాయన ఆ కాగితం తెచ్చి నా చేతికిచ్చి, పైకి చదవమన్నాడు. చదివాను. ఇంకోసారి చదవమన్నాడు. గేటులోంచి చూస్తే హాల్లో బోర్డు మీద ముప్పై ఏడు కనబడుతోంది. చక్రధరరావు గారు దాని కింద నిలబడి, ముప్పై ఎనిమిది రావడం చూస్తున్నారు.